మదార్బీ ఆపిన చోటు

ఒకరి చెయ్యి ఆపిన చోటి నుంచి మరొకరి చెయ్యి కుట్టు మొదలుపెడితే, ఆ ఆగిన చోటు ఏమవుతుంది? ఉంటుందా, పోతుందా?

పొద్దున అంగడి షట్టరు ఎత్తగానే కాలేషా తనకు తాను వేసుకునే ప్రశ్న ఇది. ఎదురుగా, దారపు రీళ్ళ అరలకు పైన, గోడకు సగం కుట్టిన బొంత ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని కింది అంచుకు మూరెడు ఎగువన తెల్లదారపు వరుస ఒకటి నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా ఆగిపోతుంది. ఆగిన చోట సూది. సూది బెజ్జంలో ఇంకా జానెడు దారం. ఆ సూదిని గుచ్చి పెట్టింది అతని భార్య మదార్బీ. పాలు పొంగుతున్నాయనో, ఎవరో పిలిచారనో, మళ్ళీ వచ్చి కుట్టుకుందామని గుచ్చి లేచింది. వంటింటి గడప దగ్గర పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

అది నిరుడు రంజాను నెలకు ముందటి మాట. నంద్యాలలో మధ్యాహ్నం పోయిన మనిషిని చీకటి పడకముందే మట్టి చేశారు. అప్పుడు జెద్దాలో కాలేషా ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకు అనుమతి కార్డు, పనిలో పెట్టుకున్న కఫీల్ దగ్గర రెన్యూవల్‌కు ఆగి ఉంది. అది చేతికొచ్చి, దేశం దాటడానికి అనుమతి దొరికేసరికి నలభయ్యో రోజు ఫాతెహా కూడా జరిగిపోయింది. ఇక పోయి ఎవరిని చూడాలి అనుకున్నాడు. పోలేదు. ఆ తర్వాత మక్కాకు ఉమ్రా యాత్రకు వచ్చిన బంధువు ఒకాయన ఈ బొంతను సంచిలో మడిచి తెచ్చి, "వదిన చేతిది, నీ దగ్గరే ఉండనీ అన్నా" అని ఇచ్చి వెళ్ళాడు. సమాధిని చూడని మనిషికి ఆ సూది గుచ్చిన చోటే సమాధి అయింది. అతను దాన్ని అరల పైన కట్టాడు. ముట్టుకోలేదు.

జెద్దా షరఫియాలో పెద్ద వీధి వెనక సందులో, మెట్ల కింద, నలుగురు నిలబడితే ఐదో మనిషికి చోటులేని అంగడి అది. దూది, ఫైబరు, కోరాగుడ్డ, కట్‌పీసులు, రకరకాల సూదులు, దబ్బనాలు, వేలి తొడుగులు, దారం. బొంతకు కావలసినవి తప్ప మరొకటి దొరకదు. కాలేషా దూదేకుల ఇంటి బిడ్డ. అతని తండ్రి భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకి, పరుపులూ బొంతలూ కుట్టి బతికినవాడు. ఆ విల్లు మోత ఇప్పుడు ఎక్కడా వినిపించదు. బొంత కుట్టే చేతులు మాత్రం ఇంకా మిగిలే ఉన్నాయని ఈ సముద్రపు ఊరికి వచ్చాకే కాలేషాకు తెలిసింది. పాత చీరలను పొరలు పొరలుగా పేర్చి కుట్టే బంగ్లాదేశ్ ఆడవాళ్ళు వస్తారు. ఇంటికి పంపడానికి రంగు ముక్కలు ఏరుకునే సింధీ డ్రైవర్లు వస్తారు. డ్యూటీ లేని రోజున ఫిలిప్పీను నర్సులు వచ్చి, పువ్వుల గుడ్డను చదరాలుగా కోయించుకుని పోతారు. అందరికీ, ఎవరికి వచ్చిన భాషలో వారికి, అతను ఒకే మాట చెబుతాడు: "పని ఆపినప్పుడు సూది తీసెయ్యండి. ఇక్కడి గాలిలో ఉప్పుంది. తుప్పు పట్టిందంటే గుడ్డను తినేస్తుంది."

గోడ మీది సూది గురించి అతనికి ఆ మాట ఎవరూ చెప్పలేదు. ఎదుటి అంగడి టైలరు దిలావర్, పాకిస్తానీ, నోరున్న మనిషి, అప్పుడప్పుడు కత్తెర ఆడిస్తూ అరిచేవాడు: "కాలేషా భాయ్, యే రజాయీ బేచ్నే కీ హై యా సిర్ఫ్ దేఖ్నే కీ?" అమ్మడానికా, చూడటానికా అని. కాలేషా నవ్వి ఊరుకునేవాడు. రెంటికీ కాదని చెబితే మరి దేనికని అడుగుతాడు.

ఆ వారం మొదట్లో కూతురు నౌషీన్ హైదరాబాదు నుంచి ఫోను చేసింది. ఆమెకు నెలలు నిండుతున్నాయి.

"నాయినా, ఎవరో మల్లేశమన్న శుక్రవారం హైదరాబాదుకు వస్తాడంటివి గదా. ఆయన చేతికి అమ్మ బొంత ఇచ్చి పంపు."

"అది ఇంకా కాలేదమ్మా."

"ఏడాది దాటె. ఎవరు కుట్టాల దాన్ని? అమ్మ వచ్చి కుడ్తాదా?"

కాలేషా గుడ్డల అర వైపు తిరిగి, "అంగట్లో మెత్తని గుడ్డ వచ్చిండాది. కొత్తది మంచిగా కుట్టి పంపిస్తా" అన్నాడు.

"అంగట్లోది నాకొద్దు. నా పెండ్లి అయిన నెలకే మొదలుపెట్టె అమ్మ దాన్ని, పుట్టబోయే దానికని. నా చిన్నప్పటి గౌన్లు, ఆమె చీరలు. నా బిడ్డ దాని మీదనే పండుకోవాల. కుట్టకుంటే అట్లనే పంపు. వంకరో టింకరో నేనే కుట్టుకుంటా."

"సూది గుచ్చిన బొంత పసిబిడ్డ ఉండే ఇంటికి పోరాదు."

నౌషీన్ మెల్లగా అంది: "అయితే తియ్యి నాయినా."

తియ్యడం అంత సులువైన మాట కాదని ఆ పిల్లకు ఎలా చెప్పాలి? సూది తీసి కుట్టు సాగిస్తే వరుస వరుసలో కలిసిపోతుంది. మదార్బీ ఎక్కడ ఆగిందో ఇక ఎవరికీ కనబడదు, అతనికైనా సరే. తియ్యకపోతే బిడ్డ అడిగిన ఒక్క వస్తువు ఇవ్వలేని తండ్రి అవుతాడు. ఈ రెంటి మధ్య అతను తనకు తాను ఒక సాకు చెప్పుకున్నాడు. ఆమె వాడిన తెలుపు నంద్యాల దారం. తన అరల్లో ఉన్న తెలుపుల్లో ఏదీ దానికి సరిపోదు. రీలు మీద రీలు తీసి, కింది నుంచే ఆ దారం వైపు ఎత్తి పట్టి చూశాడు. ఒకటి పాలవిరుగుడులా ఉంది, మరొకటి సున్నంలా. సరిపోయేది దొరకనందుకు లోలోపల సంతోషించాడు కూడా. ఆ సంతోషాన్ని గమనించి సిగ్గుపడ్డాడు.

మల్లేశం జగిత్యాల వైపు మనిషి. బిల్డింగు మెయింటెనెన్సులో వెల్డింగు పని. అతను కాలేషాకు పరిచయమైంది ఒక మరణం వల్ల. అతని గదిలో ఉండే యాదగిరి, బురైదా ఖర్జూరపు తోటల్లో చాలా ఏళ్ళు చేసి జెద్దాకు వచ్చినవాడు, ఒక శుక్రవారం పొద్దున లేపితే లేవలేదు. శవాన్ని ఇంటికి పంపే కాగితాలు ఆ ఆఫీసుకూ ఈ ఆఫీసుకూ నెలల తరబడి తిరిగి, చివరకు ఇంటివాళ్ళు ఒప్పుకున్నాక ఇక్కడే పూడ్చారు. పిడికెడు మన్ను వేసింది మల్లేశమే. యాదగిరి భార్య అంజవ్వ ఫోనులో ఏడవలేదట. ఒకటే అడిగిందట: మనిషిని తేలేకపోయారు, బట్టలైనా తెమ్మని. కానీ పోయినవాళ్ళ బట్టలు వాళ్ళ ఊళ్ళో ఇంట్లో ఉంచుకోరు. దినాలలోపే తీసేస్తారు. ఎవరైనా దాచుకుంటే పెద్దలు ఊరుకోరు. అంజవ్వ దానికీ ఒక దారి ఆలోచించింది.

"బొంత కుట్టించుక రమ్మన్నది భాయ్," అని మల్లేశం కొన్ని వారాల కిందట బట్టల సంచి బల్ల మీద పెట్టాడు. "బొంతయితే బట్ట గాదు గదా, దాన్నెవ్వలు అడుగరు అన్నది."

అంగీ ఏ కుట్టు దగ్గర అంగీ కాకుండా పోతుందో కాలేషా ఎన్నడూ ఆలోచించలేదు. ఒక స్త్రీ తన దుఃఖంతో ఆలోచించింది. అతను తన తండ్రి అడిగే ప్రశ్న ఒక్కటే అడిగాడు. బతికున్నవాళ్ళ బట్టా పోయినవాళ్ళ బట్టా ఒక బొంతలో కలపకూడదని ఆయన నియమం. ప్రతి గడపలో కూర్చోకముందే అడిగేవాడు.

"అన్నీ ఆయనవేనా? బతికినోళ్ళవి ఏమీ కలవలేదు గదా?"

"అన్ని యాదన్నయే."

కాలేషా శుక్రవారాలు నమాజు తర్వాత కూర్చుని దాన్ని కుట్టాడు. గుండీలు ఒలిచి డబ్బీలో వేశాడు. అంగీలు ముక్కలు చేసి పైన పేర్చాడు. కింద కోరాగుడ్డ వేశాడు. సంచిలో బురైదా చలికి యాదగిరి కొనుక్కున్న గోధుమరంగు స్వెట్టరు ఒకటి ఉంటే, దూదికి బదులు దాన్ని విప్పి మధ్యలో పరిచాడు.

గురువారం సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మల్లేశం వచ్చాడు. మరునాటి రాత్రికి ఫ్లైటు. బొంతను బల్ల మీద పరిచి, అరచేత్తో నిమురుతూ ఒక్కొక్క ముక్కనూ పలకరించసాగాడు.

"గీ పచ్చది జూడు భాయ్. గిది ఏసుకున్ననాడల్ల, రామచిలుకా జాంపండు కావాల్నా అని సతాయిస్తుంటి. చెప్పు తీసుకొని ఎంబడి వడుతుండె." నవ్వాడు. "గీ తెల్లది పండుగలకే తీసేటోడు. గీ లుంగి... ఇగ దీని ముచ్చట అడుగకు." చెయ్యి ఒక మూలకు వచ్చి ఆగింది. నీలం గళ్ళ గుడ్డ. మల్లేశం వంగి చూశాడు. "గిది నాది."

"నీదేంది?"

"నా అంగి భాయ్. గీ బొక్క సూడు. వెల్డింగు రవ్వ పడి కాలింది. నల్లదారం తోటి నేనే కుట్టుకున్న. ఇంత అడ్డగోలుగ నేను గాక ఎవడు కుడతడు?" పెద్దగా నవ్వాడు. "ఏందే, నన్ను గూడ యాదన్న ఎంబడి తోలుతున్నవా?"

ఆ నవ్వు మధ్యలోనే ఆరిపోయింది. అతను బొంత మీది నుంచి చెయ్యి తీసేశాడు.

ఆ నల్లకుట్టును కాలేషా కత్తిరించేటప్పుడే చూశాడు. ఒంటరిగా ఉండే మగవాడు తన అంగీ తానే కుట్టుకున్నాడు కాబోలు అనుకున్నాడు. ఒకే గదిలో, ఒకే తీగ మీద బట్టలు ఆరేసుకునే మనుషుల మధ్య ఏది ఎవరిదో ఆరాక కూడా తెలియదని అతనికి తట్టలేదు.

"తీసెయ్యి భాయ్," అన్నాడు మల్లేశం. "బతికున్నోని అంగి సచ్చినోని బొంతల పెడ్తరా? నా పెండ్లాం భాగ్యలక్ష్మికి తెలిసిందంటే నన్ను గడప దాటనియ్యది."

"నా తప్పే అప్పా. కూర్చో. ఎంతసేపు, ఇప్పుడే తీస్తా."

కాలేషా బ్లేడు తీసి ఆ మూల నుంచి కుట్లు తెంపసాగాడు. మూడో నాలుగో తెంపాడు. మల్లేశం ఆ గళ్ళనే చూస్తున్నాడు.

"ఆగాగు."

బ్లేడు ఆగింది.

"అంజవ్వ వదినె అడిగింది భాయ్. మొన్న ఫోన్ల. నీలం గళ్ళ అంగి ఉన్నదా అందుల అని. ఏదో ఒకటి ఉండకపోతదా అని ఉన్నదన్న. ఆమె అడిగింది గీ దాన్నే."

"నీ అంగీ ఆమెకెట్ల తెలుసు?"

"వీడియో కాల్ చేసినప్పుడల్ల నాదే ఏసుకుంటుండె. ఆయనయన్ని మాసినయి, చినిగినయి. మల్లిగా, ఓపారి ఇయ్యిరా, మీ వదినె సూస్తది అంటుండె. కాల్ అయినంక అవుతల పడేసి మల్ల ఆయన పాత బనీను మీదికే వచ్చేటోడు." మల్లేశం ముక్కు తుడుచుకున్నాడు. "ఆమె సూసిన యాదన్న గీ అంగిలనే ఉన్నడు భాయ్."

సందులో ఎవరో బండి హారను మోగించారు. కాలేషా బ్లేడు కింద పెట్టాడు.

"మరి ఎవరిదప్పా ఇది?"

"కొన్నదైతే నేనే." మల్లేశం ఆలోచించాడు. "గని ఇగ నాదెట్లయితది? గిది తీసి, మిగిలిన చినిగినయి ఆమెకు సూపెట్టాల్నా? ఉండనియ్యి. మల్ల కుట్టు." కాసేపటికి, తలెత్తకుండా, "నాకు భయమైతే అయితుంది భాయ్. అబద్ధం ఎందుకు" అన్నాడు.

కాలేషా లేచి గుండీల డబ్బీ తెచ్చాడు. బల్ల మీద బోర్లించి, వేలితో వెతికి, ఒకే తీరుగా ఉన్న నీలం గుండీలను వేరు చేసి మల్లేశం దోసిట్లో పోశాడు.

"నీ అంగీవి. ఇవి నీ దగ్గర ఉండనీ. నువ్వు ఆ బొంతలో లేవు."

"గుండీలు ఉన్నోడు బతికున్నట్టా?"

"అట్లనే అనుకో."

మల్లేశం తడికళ్ళతో నవ్వి వాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. కాలేషా తెంపిన కుట్లను మళ్ళీ కుట్టి, బొంతను మడిచి, గుడ్డలో చుట్టి ఇచ్చాడు. మల్లేశం దాన్ని రెండు చేతులతో పసిబిడ్డను తీసుకున్నట్టు తీసుకున్నాడు. పోబోతూ గోడ వైపు చూశాడు. అది ఎవరి బొంతో అతనికి తెలుసు. ఏడాదిగా షరఫియాలో అందరికీ తెలుసు. అతను చూసింది సూదిని. ఇనుముతో పని చేసేవాడి చూపు.

"భాయ్, గా సూది సూసినవా? తుప్పు వట్టింది. కింద గుడ్డ గూడ రంగు మారింది. తియ్యకపోతే బొక్క వడుతది."

కాలేషా బల్ల మీద మిగిలిన గుండీలను డబ్బీలోకి ఎత్తసాగాడు.

"ఊరందరికి చెప్తవు గద, సూది తియ్యిండ్రని." అది ఎత్తిపొడుపులా మొదలై, మధ్యలో మెత్తబడింది. "రేపు జుమ్మా నమాజు అయినంక మల్ల ఇటే వస్త. బిడ్డకు పంపేది ఏమన్న ఉంటే కట్టి వెట్టు."

అతను వెళ్ళాక కాలేషా స్టూలు వేసుకుని ఎక్కాడు. ఏడాదిగా కింది నుంచి చూసిన చోటును మొదటిసారి దగ్గరగా చూశాడు. సూది ఇక మెరవడం లేదు. దాని చుట్టూ, నౌషీన్ చిన్ననాటి పసుపు గౌను ముక్క మీద, కందిపప్పంత గోధుమరంగు మచ్చ. గుడ్డ అక్కడ పెళుసుబారి ఉంది. బొంత మొత్తంలో పాడవుతున్నది ఆ ఒక్క చోటే. తాను కాపాడుతున్నాననుకున్న చోటు.

తెలియక కాదు. రోజూ పదిమందికి చెప్పే మాట. తెలిసినదాన్ని మనిషి తనకు మాత్రం ఎలా చెప్పుకోకుండా ఉండగలడు? చెప్పుకుంటే చెయ్యి కదపాలి గనుక. దుఃఖం పేరుతో తాను చేసింది దుఃఖించడమేనా, లేక చెయ్యి కదపకుండా ఉండటమేనా?

అతనికి తండ్రి నియమం గుర్తుకొచ్చింది. తాను మల్లేశాన్ని అడిగాడు, ఇన్నేళ్ళుగా అందరినీ అడిగాడు. ఈ బొంత గురించి మాత్రం ఎవరు అడుగుతారు? పసుపు గౌను కూతురిది. పక్కన ఉన్న నేరేడురంగు చీర మదార్బీది. ఆమె ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి కుట్టిన పొద్దున రెండూ బతికున్నవాళ్ళవే. మధ్యాహ్నానికి ఒకటి అటువైపు వెళ్ళిపోయింది. ఎవరూ కలపలేదు, ఏ చెయ్యీ తప్పు చెయ్యలేదు. చాలాకాలం నిలిచే బొంత ఏదైనా ఎప్పుడో ఒకప్పుడు ఇలా అవుతుంది. తండ్రికి అది తెలియదా? తెలిసి ఉంటుంది. అందుకే మొదలుపెట్టేటప్పుడు మాత్రమే అడిగేవాడేమో. ఆ తర్వాత ఎన్నడూ ఏ ఇంటికీ పోయి, ఇంకా అందరూ ఉన్నారా అని అడగలేదు.

అంజవ్వ ఎల్లుండి ఆ నీలం గళ్ళ మీద చెంప ఆనించుకుంటుంది. అది ఎవరు కొన్నదో ఆమెకు అక్కరలేదు.

కాలేషా బొంతను గోడ నుంచి దించాడు. దాని బరువు అతను అనుకున్నంత లేదు. ఎదుటి అంగట్లోంచి దిలావర్ తల బయటపెట్టి, "బేచ్ దియా క్యా, భాయ్?" అని అరిచాడు. అమ్మేశావా అని.

"నహీఁ," అన్నాడు కాలేషా. "ఆజ్ సీనా హై." ఈరోజు కుట్టాలి.

దిలావర్ అతని ముఖం చూసి తల లోపలికి తీసుకున్నాడు.

కాలేషా షట్టరు సగానికి దించి, చాప పరిచి, బొంతను ఒళ్ళోకి తీసుకుని కూర్చున్నాడు. వేలి తొడుగు తొడిగి సూదిని పట్టుకున్నాడు. అది వెంటనే రాలేదు. గుడ్డ దాన్ని పట్టి ఉంది. మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లాగితే, చిన్న కరకర శబ్దంతో, కొంచెం పొడి రాలుస్తూ వచ్చింది. బెజ్జంలోంచి ఆమె దారాన్ని జాగ్రత్తగా విడిపించాడు. జానెడు తెల్లదారం వేళ్ళ మధ్య మిగిలింది. దాని కొసకు ముడి పడవలసి ఉంది. అది ఆమె వెయ్యవలసిన ముడి. ముడి లేకపోతే ఇప్పటిదాకా ఆమె కుట్టినదంతా ఏదో ఒకనాడు ఊడిపోతుంది.

అతను ముడి వేశాడు. రెండుసార్లు వేశాడు. కళ్ళకు ఏమీ కనబడక, వేళ్ళతో తడిమి సరిచూసుకున్నాడు.

తుప్పు సూదిని గుండీల డబ్బీలో వేసి, చెయ్యి చాచి అర నుంచి దారం అందుకున్నాడు. తెల్లవాటి మీదికి పోయిన చెయ్యి వాటిని దాటి పక్క అరకు వెళ్ళింది. ఎర్రరీలు తీశాడు. ఇది తెలుపులో కలవదు. ఆమె ఎక్కడ ఆగిందో, తాను ఎక్కడ మొదలుపెట్టాడో, రేపు ఆ బొంత మీద బోర్లా పడే బిడ్డకు కూడా కనబడుతుంది.

కొత్త సూదికి ఎర్రదారం ఎక్కించి, కొసకు ముడి వేసి, తుప్పు మచ్చకు గింజెడు దూరం వదిలి, మొదటి కుట్టు వేశాడు. దారాన్ని చివరిదాకా లాగాడు. రెండోది వేశాడు.